బూర్గుల రామకృష్ణారావు: సంతకాలు, వాటి వెనక వకీలు

తెలంగాణలో భూమి కేసులు చూసే ఏ వకీలు దగ్గరైనా "38-ఇ" అంటే చాలు, వివరణ అక్కర్లేదు. రక్షిత కౌలుదారు వారసులు ఒకవైపు, పట్టాదారు వారసులు మరోవైపు, మధ్యలో ఆ భూమిని ప్లాట్లుగా కొనుక్కున్నవాళ్లు. తహసీల్దారు కచేరీ నుంచి సుప్రీంకోర్టు దాకా ఆ ఒక్క సెక్షన్ మీద నడిచిన వ్యాజ్యాలకు లెక్కలేదు. అది 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలోని సెక్షన్. ఆ చట్టం వచ్చిన నెలలోనే రెవెన్యూ శాఖ చేపట్టి, తర్వాత ముఖ్యమంత్రిగా ఉండగా 1954లో దానికి 38-ఇని చేర్పించిన నాయకుడు బూర్గుల రామకృష్ణారావు. సెక్షన్ నంబరు ఊరూరా తెలుసు. దాని వెనకున్న మనిషి పేరు కొత్త తరానికి అంతగా తెలియదు.

బూర్గుల పేరిట జరుగుతున్న ఈ సభలో ఆయన పదవుల చిట్టా చదవడం తేలిక. హైదరాబాదు రాష్ట్ర రెవెన్యూ మంత్రి, ముఖ్యమంత్రి, కేరళకు, ఉత్తరప్రదేశ్‌కు గవర్నరు, రాజ్యసభ సభ్యుడు, బహుభాషా పండితుడు, కవి. ఆ చిట్టా ఎన్నిసార్లు చదివినా మనిషి కనబడడు. ఆయన మొదట వకీలు, చివరిదాకా వకీలే. వకీలును ఆయన రాసిన, ఆయన సంతకం పెట్టిన కాగితాలతో కొలవాలి. కాగితం మీద మాట ఇచ్చారు సరే, రేపు ఆ మాట తప్పితే నష్టపోయినవాడు వెళ్లి తలుపు తట్టడానికి ఒక కోర్టు ఉందా? బూర్గుల సంతకాలను ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చదివితే ఆయన ఎక్కడ గెలిచారో, ఎక్కడ ఆయన చేయి జారిందో రెండూ తెలుస్తాయి.

ఆయన 1899 మార్చి 13న మహబూబ్‌నగర్ జిల్లా కల్వకుర్తి ప్రాంతంలోని పడకల్లులో పుట్టారు. తల్లి రంగనాయకమ్మ, తండ్రి నరసింగరావు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు. సొంతూరు షాద్‌నగర్ దగ్గరి బూర్గుల కావడంతో ఊరిపేరే ఇంటిపేరై స్థిరపడింది. హైదరాబాదులో ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలల్లో చదివి, పుణె ఫెర్గుసన్ కళాశాలలో బి.ఎ. పూర్తిచేసి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి న్యాయశాస్త్ర పట్టా తీసుకున్నారు. తిలక్ కన్నుమూసిన రోజుల పుణె అది. అక్కడ రాజకీయం బహిరంగ సభల్లో, పత్రికల్లో, గణేశ్ పందిళ్లలో నడిచేది. 1924లో హైదరాబాదు తిరిగొచ్చి వకాలత్ మొదలుపెట్టేసరికి ఆయన ముందున్న లోకం పూర్తిగా వేరు.

నిజాం హైకోర్టులో వ్యవహారమంతా ఉర్దూలో. దస్తావేజులు ఉర్దూలో, వాదన ఉర్దూలో, తీర్పు ఉర్దూలో. పాత కాగితాలైతే ఫారసీలో. బోనెక్కేది మాత్రం తెలుగు రైతు, మరాఠీ కున్బీ, కన్నడ షావుకారు. నల్లగొండ నుంచి వచ్చిన రైతు తన పొలం గురించి తనకు అర్థంకాని భాషలో వాదన విని, అర్థంకాని భాషలోనే తీర్పు విని, "ఏమైంది దొరా?" అని వకీలును అడిగి ఊరికి తిరిగిపోయేవాడు. ఉర్దూ, ఫారసీ బూర్గులకు కొట్టినపిండి. సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కూడా అలవోకగా వచ్చు. ఆ పాండిత్యాన్ని తర్వాతివాళ్లు సభల్లో అలంకారంగా పొగిడారు. ఆ కోర్టులో అది అలంకారం కాదు, కక్షిదారుకు కడుపునిండా అన్నం మిగలాలంటే వకీలుకు ఉండితీరవలసిన సాధనం.

తెలుగు పరిస్థితి ఎలా ఉండేదో 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘ సంస్కార సభ చెబుతుంది. అధ్యక్షుడు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలను శ్రద్ధగా విన్న సభ, ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టగానే ఎగతాళి చేసి మాట సాగనివ్వలేదు. ఆ అవమానంలోంచి పుట్టింది ఆంధ్ర జన సంఘం. మాడపాటి హనుమంతరావు దానికి వెన్నెముక అయితే, దాని చుట్టూ చేరిన యువకుల్లో బూర్గుల ఒకరు. గ్రంథాలయాలు, వర్తక సంఘాలు, వెట్టి గురించి కరపత్రాలు అంటూ మెల్లగా మొదలైన ఆ పని 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభగా నిలబడింది. మరుసటేడు దేవరకొండలో జరిగిన రెండో మహాసభకు అధ్యక్షుడు బూర్గుల. అప్పటికి ఆయన వయసు సుమారు 32.

మాడపాటి, సురవరం, కొండా వెంకట రంగారెడ్డి, మందుముల నరసింగరావు. ఆ తరం పేర్లు తీస్తే వరసగా వకీళ్లే. దానికి కారణం ఉంది. నిజాం రాజ్యంలో బహిరంగ సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలి. అనుమతి కోసం దరఖాస్తు రాయడం, పెట్టిన షరతు చదివి అందులో సందు పట్టుకోవడం, తీర్మానంలో ఏ మాట ఉంటే సభ రద్దవుతుందో ముందే పసిగట్టడం, ఇవన్నీ వకీలు పనులు. పైగా వకీలు తిండి సర్కారు జీతం మీద ఆధారపడింది కాదు. అందుకే ఆ రోజుల్లో నోరు విప్పగలిగినవాడు ఆయనే.

అయితే ఆ పద్ధతికి ఒక హద్దు ఉంది. అర్జీ రాసేవాడు, అర్జీ తీసుకునేవాడు కరుణించేదాకా ఆగాలి. వెట్టి చేసేవాడికి అంత ఓపిక ఎక్కడిది? 1944లో భువనగిరి మహాసభ రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగేనాటికి మహాసభ పగ్గాలు కమ్యూనిస్టుల చేతికొచ్చాయి. మితవాదులు పక్కకు జరిగారు. వకీళ్ల తరాన్ని పిరికివాళ్లని తోసిపారేయడం అన్యాయం. వాళ్లు పదేళ్లు దున్నిన నేలలోనే ఆ తర్వాతి పంట పండింది. కానీ వాళ్ల భాష పల్లె గుడిసె దాకా చేరలేదన్నది కూడా నిజమే, దాన్ని బూర్గుల అభిమానులు ఒప్పుకోవాలి.

బూర్గుల రాజకీయం మాత్రం అర్జీల దగ్గరే ఆగిపోలేదు. 1938లో పుట్టకముందే నిషేధానికి గురైన హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌లో ఆయన ముఖ్యుడు. క్విట్ ఇండియా కాలంలో ఒకసారి, 1947లో భారత యూనియన్‌లో చేరాలన్న ఉద్యమంలో మరోసారి జైలుకు వెళ్లారు. 1946లో నిషేధం తొలగాక కాంగ్రెస్ అధ్యక్ష స్థానానికి ఆయన, స్వామి రామానంద తీర్థ ఎదురెదురుగా నిలబడితే స్వామీజీ స్వల్ప తేడాతో గెలిచారు. ఆ ఇద్దరి మధ్య చీలిక చాలా ఏళ్లు సాగింది. స్వామీజీది ఉద్యమం చేసి సాధించే దారి, బూర్గులది మాట్లాడి రాయించుకునే దారి. బూర్గుల దగ్గర జూనియర్‌గా చేరిన యువ వకీళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. తర్వాత స్వామీజీ వర్గం వైపే వెళ్లినా, కాగితాన్ని నాలుగువైపుల నుంచి చదివే అలవాటులో బూర్గుల ఆఫీసు జాడ పి.వి.లో కనిపిస్తుందని నమ్మడానికి పెద్ద ఊహ అక్కర్లేదు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1949 ఆగస్టులో సైనిక ప్రభుత్వం జాగీర్లను రద్దు చేసింది. అయినా అసలు చిక్కు జాగీర్లతో తీరేది కాదు. జాగీర్ల బయట, దివానీ (సర్కారు) ఇలాకాల్లో కూడా, దేశ్‌ముఖ్‌ల పేర వేల ఎకరాలు ఉండేవి. దున్నేవాడు తరాలుగా దున్నుతున్నా అతని పేరు ఏ రిజిస్టరులోనూ ఉండేది కాదు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో రైతులు తుపాకులు పట్టి భూమి పంచుకున్నారు. సైన్యం ఆ భూమిని మళ్లీ దొరల పాలు చేసింది. అలా రగులుతున్న నేల మీద 1950 జూన్‌లో, వెల్లోడి ముఖ్యమంత్రిగా ఉన్న ప్రభుత్వంలో బూర్గుల రెవెన్యూ, విద్యాశాఖల మంత్రిగా చేరారు.

ఆ ఒకటి రెండేళ్లలో తెలంగాణ భూమి ప్రశ్నకు మూడు జవాబులు ఒకేసారి వినబడ్డాయి. కమ్యూనిస్టులది సాయుధ పోరాటం. దాన్ని వాళ్లు 1951 అక్టోబరులో విరమించారు. అదే ఏడు ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు, భూదానం పుట్టింది. మూడోది కౌలుదారీ చట్టం. మొదటిదాని మీద నవలలు, పాటలు, సినిమాలు వచ్చాయి. రెండోదాని ఊరికి భూదాన్ పోచంపల్లి అని పేరే మారింది. మూడోదాని మీద ఎవరూ పాట కట్టలేదు. మిగిలినవి సర్టిఫికెట్లు, ఫైళ్లు, తీర్పులు. కానీ ఒక కౌలుదారు మనవడు ఇవాళ కోర్టులో నిలబడి "ఇది మాది" అని వాదించగలుగుతున్నది మూడోదాని బలంతోనే.

ఆ చట్టం ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి, బూర్గుల తరహా అందులోనే ఉంది. నిర్ణీత కాలంలో వరసగా ఆరేళ్లు ఒకే భూమిని కౌలుకు సాగుచేసినవాడిని చట్టం రక్షిత కౌలుదారుగా గుర్తించింది. అతని పేరు రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కినవాడిని దొర నోటిమాటతో వెళ్లగొట్టలేడు, తహసీల్దారు ముందుకు రావాలి. కౌలు ఇంతకు మించకూడదని హద్దు ఉంది. భూమి అమ్మదలిస్తే కౌలుదారుకే మొదటి హక్కు. కౌలుదారు తానే ముందుకొచ్చి కొనుక్కుంటానన్నా చట్టం ఒప్పుకుంటుంది. 1954 సవరణ ఇంకో మెట్టు ఎక్కింది. ఇక కౌలుదారు దరఖాస్తు పెట్టనక్కర్లేదు. ప్రభుత్వం ఒక ప్రాంతానికి నోటిఫికేషన్ ఇస్తే చాలు, ఆ తేదీ నుంచి రక్షిత కౌలుదారే యజమాని. అదే 38-ఇ. అదే సవరణతో ఒక కుటుంబం దగ్గర ఎంత భూమి ఉండవచ్చో గరిష్ఠ పరిమితి కూడా వచ్చింది. ఆ రోజుల్లో దేశంలో చాలా రాష్ట్రాలు అంత దూరం ఆలోచించలేదు.

లోపాలూ పెద్దవే. చట్టం వస్తోందని తెలిసిన వెంటనే భూస్వాములు కౌలుదార్లను ఖాళీ చేయించారు. "నా అంతట నేనే వదులుకుంటున్నాను" అని వేలిముద్రలు వేయించుకున్నారు. హైదరాబాదు భూసంస్కరణల మీద ఎ.ఎం. ఖుస్రో చేసిన అధ్యయనం ఈ బలవంతపు రాజీనామాలను, అక్రమ బేదఖళ్లను వివరంగా నమోదు చేసింది. పైగా 38-ఇ నోటిఫికేషన్ ముందు ఖమ్మం జిల్లాలోనే అమలై, మిగతా తెలంగాణకు 1973 జనవరి 1 నుంచి గానీ రాలేదు. దాదాపు రెండు దశాబ్దాల ఆలస్యం. ఆ ఆలస్యానికి బూర్గుల ఒక్కరే కారణం కాదు, 1956 తర్వాత ఆయన చేతిలో ఏమీ లేదు. కానీ సవరణ తర్వాత ముఖ్యమంత్రిగా ఉన్న రెండున్నరేళ్లలో ఆ కలాన్ని ఇంకా గట్టిగా కదిపి ఉండవలసింది. ఆయన కాంగ్రెస్ పార్టీలోనే భూస్వాములు బలంగా ఉన్నారన్నది జవాబు కావచ్చు. అది కారణం అవుతుందే గానీ సమర్థన కాదు.

అయినా చట్టం చచ్చిపోలేదు. ఎందుకంటే దాని కింద రిజిస్టరు ఉంది, తహసీల్దారు ఉన్నాడు, అప్పీలు ఉంది, పైన హైకోర్టు ఉంది. ప్రభుత్వాలు మారినా, రాష్ట్రమే మారినా ఆ కాగితం బతికింది.

1952 ఎన్నికల్లో హైదరాబాదు శాసనసభలోని 175 స్థానాల్లో కాంగ్రెస్‌కు 93 దక్కాయి. కమ్యూనిస్టులు పి.డి.ఎఫ్. పేరుతో పోటీచేసి 42 గెలిచి ప్రధాన ప్రతిపక్షం అయ్యారు. షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల మార్చి 6న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. హైదరాబాదు రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకున్న తొలి ముఖ్యమంత్రి ఆయనే, చివరి ముఖ్యమంత్రీ ఆయనే. మంత్రివర్గంలో కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, దిగంబరరావు బిందు, మెల్కోటే, వి.బి. రాజు, గోపాలరావు ఎక్బోటే, మెహదీ నవాజ్ జంగ్ వంటివారు ఉన్నారు. పేర్లు చూస్తేనే రాష్ట్రం స్వరూపం తెలుస్తుంది. 16 జిల్లాల్లో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. రాజధానిలో ఉర్దూ. పబ్లిక్ గార్డెన్స్ పక్కన సభలో ఒక సభ్యుడు ఉర్దూలో ప్రశ్న అడిగితే ఇంకొకరు తెలుగులో అడ్డుపడేవారు, మూడోవారు మరాఠీలో ఎదురుతిరిగేవారు. అందరికీ వారి భాషలోనే జవాబు చెప్పగల ముఖ్యమంత్రి ఆ సభకు దొరికాడు.

ఆర్నెల్లు తిరగకముందే ముల్కీ ఉద్యమం వచ్చిపడింది. పోలీసు చర్య తర్వాత బయటి ప్రాంతాల నుంచి వచ్చినవారు ఉద్యోగాల్లో నిండిపోయారని, స్థానికులకే ఉద్యోగాలన్న 1919 నాటి ముల్కీ నిబంధనలను ఎగ్గొట్టడానికి దొంగ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయని విద్యార్థులు వరంగల్‌లో వీధిన పడ్డారు. సెప్టెంబరు తొలివారంలో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్రభుత్వం జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ జరిపించింది. విచారణ వేయడం వకీలు ముఖ్యమంత్రికి తగిన పనే. అయితే వీధిలోకి వచ్చిన పిల్లలు అడిగింది విచారణ కాదు, ఉద్యోగం మీద హామీ. నాలుగేళ్ల తర్వాత రాసుకున్న ఒప్పందంలో ముల్కీ షరతు ఎందుకు అంత ముఖ్యంగా కూర్చుందో ఈ కాల్పుల నెత్తురు తెలిసినవారికే అర్థమవుతుంది.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు అది. కృష్ణకు అటొకరు ఇటొకరు ఉన్న రెండు ప్రభుత్వాలు నీళ్ల దగ్గర ఒక మాట మీదికి వచ్చిన సందర్భం అది. అప్పటికే రెండు రాష్ట్రాలు ఒకటి కావాలా వద్దా అన్న వాదన ఊరూరా మారుమోగుతోంది.

రాష్ట్రాల పునర్విభజనపై ఫజల్ అలీ సంఘం 1955 సెప్టెంబరు 30న ఇచ్చిన నివేదిక తెలంగాణను ప్రస్తుతానికి హైదరాబాదు రాష్ట్రంగా విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతపు ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో కోరితే అప్పుడు ఆంధ్రతో కలపవచ్చంది. వకీలు కళ్లతో చూస్తే అది చాలా మంచి షరతు. గడువు ఉంది, కొలత ఉంది, నిర్ణయించే సభ ఉంది. అయితే ఢిల్లీ తొందరపడింది. తెలుగువారందరినీ ఒకే రాష్ట్రంగా కలిపే విశాలాంధ్ర కోసం కమ్యూనిస్టులు గట్టిగా నిలబడ్డారు. హైదరాబాదు శాసనసభ చర్చలో అభిప్రాయం చెప్పినవారిలో 103 మంది విశాలాంధ్రకు, 29 మంది ప్రత్యేక తెలంగాణకు మొగ్గారు. మరోవైపు కొండా వెంకట రంగారెడ్డి, చెన్నారెడ్డి విడిగా ఉండాలని పట్టుబట్టారు.

ముఖ్యమంత్రి రెండింటి మధ్య నలిగారు. మొదట విలీనం వైపు మొగ్గినట్టు కనిపించారు. 1956 ఆరంభంలో కాంగ్రెస్ అధ్యక్షుడు ధేబర్‌కు రాసిన సుదీర్ఘ లేఖలో ఇరుపక్షాల వాదనలనూ పెట్టారు. తెలంగాణ ప్రజల్లో అధిక సంఖ్యాకులు విలీనానికి సుముఖంగా లేరన్న సంగతి దాచలేదు. తర్వాతి దశాబ్దాల్లో రెండు పక్షాలవారూ తమకు పనికొచ్చిన ముక్కలు ఆ లేఖలోంచి చదివి వినిపించారు. ఎదుటివాడి వాదాన్ని కూడా నిజాయితీగా రాయడం మంచి వకీలు గుణం. కానీ ముఖ్యమంత్రి దగ్గర జనం కోరేది తీర్పు. బూర్గుల ఆ తీర్పు ఇవ్వలేదు. పై కోర్టుకు, అంటే ఢిల్లీకి వదిలేశారు. ఈ ఉపన్యాసంలో ఆయన మీద వేస్తున్న పెద్ద అభియోగం ఇదే.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ఆంధ్ర వైపు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపు నుంచి బూర్గుల, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు. తెలంగాణ మిగులు ఆదాయాన్ని తెలంగాణలోనే ఖర్చుపెట్టాలి. ఉద్యోగాలకు స్థానిక నివాసం ఉండాలి. తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకాల మీద ప్రాంతీయ సంఘం అదుపు ఉండాలి. పాలనలో ఉర్దూ స్థానం కొంతకాలం కొనసాగాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి మరో ప్రాంతం వాడు కావాలి. షరతులు చక్కగా ఉన్నాయి. తెలంగాణ భయాలన్నిటినీ ఒక్కొక్కటిగా పేరుపెట్టి రాసుకున్నారు. ఆ ఎనిమిది సంతకాల్లో తన కుర్చీని తానే తీసేసుకుంటూ పెట్టిన సంతకం బూర్గులది. రాష్ట్రం పోతే ముఖ్యమంత్రి పదవీ పోతుంది. ఆయన అందుకు వెనకాడలేదు, బేరమూ పెట్టలేదు. అధికారం వదులుకోవడంలో అంత నిబ్బరం మన రాజకీయాల్లో అరుదు, దాన్ని గౌరవించి తీరాలి.

కానీ ఆ కాగితం తప్పితే ఎక్కడికి వెళ్లాలి? దానిలో ఆ జవాబు లేదు. ప్రాంతీయ సంఘానికి మాత్రం రాజ్యాంగం 371వ అధికరణం కింద ఆధారం దొరికి 1958లో అది ఏర్పడింది. మిగతా మాటలు మాటలుగానే మిగిలాయి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయిన రోజునే మొదటి షరతు తప్పింది. ఉపముఖ్యమంత్రి పదవి ఆరోవేలు లాంటిదని ఆయన అన్న మాటను తెలంగాణ ఇవాళ్టికీ మరచిపోలేదు. మిగులు నిధుల లెక్కలు తేలక 1969లో తెలంగాణ భగ్గుమంది. అదే ఏడాది సుప్రీంకోర్టు, తెలంగాణలో ఉద్యోగాలకు నివాస అర్హత పెట్టిన 1957 నాటి పార్లమెంటు చట్టపు సెక్షన్‌ను కొట్టేసింది. 1972లో అదే సుప్రీంకోర్టు పాత ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. చూడండి, నిజాం కాలపు నిబంధన కోర్టులో నిలబడింది. ఎనిమిదిమంది ప్రజానాయకులు సంతకాలు పెట్టిన ఒప్పందం కోర్టు మెట్లే ఎక్కలేకపోయింది. కౌలుదారుకు కోర్టు చూపించిన వకీలు, తన ప్రాంతానికి మాత్రం పెద్దమనుషుల మాటను చూపించి సరిపెట్టారు. ఆ లోటు తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014 జూన్ 2 దాకా ఎన్ని రూపాల్లో బయటపడిందో చెప్పనవసరం లేదు.

కేరళ అధ్యాయం ఇంకా చిత్రమైనది. 1956 నవంబరులో బూర్గుల ఆ కొత్త రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లారు. 1957 ఏప్రిల్ 5న త్రివేండ్రంలో ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ చేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించింది ఆయనే. నాలుగేళ్ల పాటు హైదరాబాదు సభలో కమ్యూనిస్టులను ప్రతిపక్షంలో ఎదుర్కొన్న మనిషి, దేశంలో తొలి కమ్యూనిస్టు మంత్రివర్గానికి రాజ్యాంగం తరఫున పెద్ద అయ్యారు. ఆ మంత్రివర్గంలో న్యాయమంత్రి వి.ఆర్. కృష్ణయ్యరు కూడా వకీలే. విద్యామంత్రి జోసెఫ్ ముండశ్శేరి తెచ్చిన విద్యాబిల్లు ప్రైవేటు పాఠశాలల యాజమాన్యాల కోరలు తీసేది. గవర్నరు దాన్ని ఆమోదించకుండా రాష్ట్రపతి పరిశీలనకు పంపారు. రాష్ట్రపతి సుప్రీంకోర్టు సలహా కోరారు. 1958 మే 22న వచ్చిన ఆ సలహా అల్పసంఖ్యాకుల విద్యాహక్కుల మీద ఇవాళ్టికీ మొదట చదివే పత్రాల్లో ఒకటి. సవరించిన బిల్లుకు 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఆమోదం దొరికింది. ఇంతవరకు ప్రతి అడుగూ రాజ్యాంగం గీసిన గీత మీదే పడింది.

1959 జూన్‌లో ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా విమోచన సమరం మొదలైంది. చర్చిలు, మన్నత్తు పద్మనాభన్ నాయకత్వంలో నాయర్ సంఘం, కాంగ్రెస్ అందరూ రోడ్డెక్కారు. అంగమాలిలో పోలీసు కాల్పులు జరిగాయి. గవర్నరు నివేదిక ఢిల్లీ చేరింది. జూలై 31న శాసనసభలో మెజారిటీ ఉన్న ప్రభుత్వాన్ని 356వ అధికరణం కింద బర్తరఫ్ చేశారు. నిర్ణయం ఢిల్లీది. ఒత్తిడి ఎవరిదన్నది దేశానికి తెలుసు. అయినా నివేదిక మీద ఉన్న సంతకం బూర్గులది. మంత్రివర్గం ప్రజల విశ్వాసాన్ని కోల్పోయిందన్న మాట నిజమే అనుకున్నా, దాన్ని కొలవవలసిన చోటు శాసనసభ గానీ రాజ్‌భవన్ కాదు. 1921లో తన తోటి వకీలును మాట్లాడనివ్వని గుంపును చూసి ఒక సంఘం పెట్టుకున్న తరానికి చెందిన మనిషి, వీధిలో గుంపు ఎంత పెద్దదో చూసి ఎన్నికైన ప్రభుత్వం బలాన్ని లెక్కకట్టిన నివేదికకు ఒప్పుకోవడం బాధ కలిగిస్తుంది. 1994లో ఎస్.ఆర్. బొమ్మయి కేసులో సుప్రీంకోర్టు మెజారిటీని సభలోనే తేల్చాలని, 356 ప్రకటనను కోర్టు పరిశీలించవచ్చని చెప్పింది. 1959లో నంబూద్రిపాద్‌కు ఆ తలుపు తెరిచి లేదు.

1960 జూలైలో ఉత్తరప్రదేశ్ గవర్నరుగా వెళ్లి 1962 దాకా ఉన్నారు. తర్వాత 1966 దాకా రాజ్యసభ. ఆ తిరుగుళ్లన్నిటి మధ్యా సాహిత్యం వదల్లేదు. 'కృష్ణశతకం' రాశారు. జగన్నాథ పండితరాయల కృతులను 'పండితరాజ పంచామృతం'గా తెలుగులోకి తెచ్చారు. ఫారసీ నుంచి ఉమర్ ఖయ్యాం, సర్మద్ రుబాయీలను తెనిగించారు. వ్యాసాలు 'సారస్వత వ్యాస ముక్తావళి'గా వచ్చాయి. ఔరంగజేబు శిరచ్ఛేదం చేయించిన సర్మద్‌ను ఎంచుకోవడం యాదృచ్ఛికం అనిపించదు. రాజు ముందు తలవంచని కవి మీద రాజీల మనిషికి ఉన్న ఆ ప్రేమ ఆయనలోని ఇంకో పార్శ్వాన్ని చూపిస్తుంది. 1967 సెప్టెంబరు 14న హైదరాబాదు రాష్ట్రపు ఆ ముఖ్యమంత్రి కన్నుమూశారు. తన ప్రాంతంలో ఒప్పందం పేరు మీద మంటలు లేవడానికి అప్పటికి రెండేళ్లు కూడా లేదు.

ఆయన మీద వచ్చిన పుస్తకాలు కొద్ది. అంతకంటే పెద్ద లోటు వేరే ఉంది. 1952 నుంచి 1956 దాకా హైదరాబాదు శాసనసభలో జరిగిన చర్చలు ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు కలగలిసి సంపుటాలుగా ఉన్నాయి. కౌలుదారీ సవరణ మీద పి.డి.ఎఫ్. సభ్యులు ఏమడిగారో, రెవెన్యూ మంత్రి ఏం జవాబు చెప్పాడో, విలీనం చర్చలో ఏ సభ్యుడు ఏ వైపు ఎందుకు నిలబడ్డాడో అన్నీ వాటిలో ఉన్నాయి. ఇవాళ్టి తెలుగు పాఠకుడు వాటిని చదవలేడు. సగం ఉర్దూలో ఉన్నందుకు, అచ్చయిన పుస్తకం చేతికి దొరకనందుకు. తెలంగాణ శాసనసభ సచివాలయం, విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు కలిసి ఆ సంపుటాల ఉర్దూ భాగాన్ని తెలుగులోకి తెప్పించి, సూచికతో సహా అచ్చువేయాలి. ధేబర్‌కు రాసిన లేఖను ముక్కలుగా కాక మొదటి వాక్యం నుంచి చివరి సంతకం దాకా ఆ సంపుటాలతో కలిపి ఇవ్వాలి. ఆ పని పూర్తయితే బూర్గుల మీద ఈ ఉపన్యాసంలో చేసిన అభియోగాలను ఆయన మాటలతోనే ఎవరైనా ఖండించవచ్చు, లేదా ఇంకా బలపరచవచ్చు.